పొగ పేటెంటులో మాయమైన షరతు

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో గేటు ముందు ఆటో ఆగినప్పుడు కాలిన నూనె వాసన గొంతులోకి దిగింది. లోపల పాట తీస్తున్నారు. సెట్టు నిండా పొగ వదులుతున్నారు. ఎస్తేరు మేడమ్ గుర్తుకు వచ్చారు. ఆవిడ గురించి రాసేముందు తెలిసినదాన్నీ విన్నదాన్నీ విడదీయాలి. ఆవిడ ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం బోధించారు, నేను ఆవిడ దగ్గర పరిశోధన చేశాను, ఆ పరిశోధన ప్రభుత్వ నిధులతో జరిగింది: ఇవి నిశ్చయం. మేము కనిపెట్టినదాన్ని తొక్కిపెట్టడానికే ఒక కంపెనీ హక్కులు తీసుకుందన్నది కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర విన్నమాట. దానికి నా దగ్గర ఆధారం లేదు.

మేడమ్ మధురానగర్‌లో ఉండేవారు. ఆవిడ వెళ్లే చర్చి గాయక బృందంలో లావణ్య అనే అమ్మాయి పాడేది. సినిమాల్లో గ్రూపు డాన్సరు. ఒక ఆదివారం పాట మధ్యలో దగ్గుతో ఆగిపోయింది. “జలుబా అమ్మా?” అని మేడమ్ అడిగితే, “జలుబు కాదు ఆంటీ, పొగ. షూటింగున్నన్నాళ్లూ ఇంతే,” అన్నదట. మరుసటి వారం సెట్టులో వాడే నూనె ఒక సీసాలో మా ప్రయోగశాలకు వచ్చింది. గొంతుకు హాని తక్కువ చేసే విదేశీ ద్రవాలు అప్పటికే ఉన్నాయి, కాని చిన్న సినిమాలవాళ్లు వాటి జోలికి పోరు. ఇక్కడ దొరికే సరుకుతో, ఇక్కడి పాత యంత్రంలోనే పనిచేసే ద్రవం కావాలి. అదే మా పని అయింది.

పరీక్షలకు, సెట్లలో పొగ వదిలే రహమత్ నగర్ సత్తన్న తన పొగ యంత్రం తెచ్చేవాడు. రెండు డబ్బాలు, ఒకదానిలో పాత నూనె, రెండవదానిలో మా ద్రవం. ఏది దేనిలో ఉందో రాసిన కాగితం అతికించిన కవరులో ఉండేది. ఎలా ఉందని డాన్సర్లను అడగడానికి మేడమ్ ఒప్పుకోలేదు. మర్యాద కోసం బాగుందంటారని. డాన్సు మాస్టరు లెక్కపెట్టినట్టు ఒకటి నుంచి ఎనిమిదిదాకా పైకి లెక్కిస్తూ ఆడమన్నారు. ఏ అంకె దగ్గర దగ్గుతో లెక్క తెగితే దాన్ని నేను రాసుకోవాలి.

“మేడం, నాకన్న చెప్పుండ్రి ఏ డబ్బాల ఏమున్నదో. నేనెవ్వలకు చెప్త?” అన్నాడు సత్తన్న.

“నీకు తెలిస్తే నీ ముఖమే చెప్పేస్తుందయ్యా.”

“గింత పొగల నా మొఖం ఎవ్వలకు కనవడ్తది మేడం?”

డాన్సర్లంతా నవ్వారు. కవరు మాత్రం తెరుచుకోలేదు. ఒక పొగలో లావణ్య రెండో ఎనిమిది పూర్తిచేయలేకపోయింది. ఇంకొకదానిలో పాటంతా ఆడింది. చివరికి కవరు తెరిస్తే ఆ రెండవది మాదే. అయినా ఇది చిన్న పరీక్ష, ఇంతటితో తీర్పు చెప్పకూడదని నివేదికలో మేడమే రాశారు.

ప్రభుత్వ నిధులతో పుట్టిన ఆవిష్కరణపై పేటెంటు హక్కు మా దగ్గర విశ్వవిద్యాలయానిదే. దాన్ని తయారుచేసే అనుమతి అది ఒక కంపెనీకి ఇస్తుంది. మేడమ్ దీన్ని వ్యతిరేకించలేదు. ఎవరో ఒకరికి హక్కు లేకపోతే ప్రయోగశాల దాటి ఏదీ బయటికి రాదన్న వాదనలో నిజముందనేవారు. ఒప్పందం చిత్తుప్రతిలో మాత్రం తన చేతిరాతతో ఒక షరతు చేర్చారు: రెండేళ్లలో తయారుచేసి అమ్మకపోతే కంపెనీ అనుమతి రద్దు కావాలి. తుదిప్రతి వచ్చిన రోజు ఆవిడకు వరుసగా తరగతులున్నాయి. “మొదటి నుంచి చివరిదాకా చూడమ్మా,” అని నా చేతికిచ్చారు. పాళ్లూ ఉష్ణోగ్రతలూ దశాంశ స్థానాలతో సహా సరిచూశాను. వెనక పేజీల్లో అంకెలు లేవు, తిప్పేశాను. సరిగ్గా ఉందని చెప్పాను. ఆవిడ సంతకం చేశారు.

రెండేళ్లయినా ఒక్క డబ్బా రాలేదు. విశ్వవిద్యాలయంలో పేటెంట్లు చూసే అధికారి దగ్గరికి వెళ్లాం.

“అలాంటి క్లాజ్ ఎగ్రిమెంట్‌లో లేదండీ. మార్కెట్ ఇంకా రెడీగా లేదని కంపెనీవాళ్లు అంటున్నారు,” అన్నాడాయన.

“మార్కెట్టా? అది సెట్టులో నిలబడి దగ్గుతోందయ్యా.”

“ఫైనల్ ప్రూఫ్ మీవాళ్లే చూశారు కదండీ.”

“చదవకుండా సంతకం చేసింది నేను,” అన్నారు మేడమ్. నా వైపు తిరగలేదు.

పరిశోధనకు జనం పన్ను కట్టారు. పరీక్షకు డాన్సర్లు తమ ఊపిరితిత్తులనే ఇచ్చారు. ఫలితం మాత్రం “మార్కెట్ రెడీగా లేదు” అన్న ఒక్క వాక్యం కింద పడి ఉంది. బయటికి తెస్తామన్న మాట మీద ఇచ్చిన హక్కులో, తెచ్చి తీరాలన్న బాధ్యత లేకపోతే అది వట్టి తాళం. పేటెంటు వచ్చిన మూడేళ్ల తరువాత, జనానికి అందని ఆవిష్కరణను తయారుచేసే అనుమతి కోసం ఇతరులు దరఖాస్తు చేయవచ్చని చట్టంలో ఉంది. మేడమ్ కాగితాలు సిద్ధం చేశారు. గడువు నిండకముందే గుండెపోటుతో పోయారు. లావణ్య డాన్సు మానేసింది. కారణం పొగేనని నేను నిరూపించలేను. సత్తన్న పేరుతో ఆ దరఖాస్తు వేయించాను. ప్రతి పేజీ చదివాకే వేయించాను. ఇంకా తేలలేదు.

పరీక్షల పట్టికలో కొలత దొరకని గడిని ఊహతో నింపకూడదనీ, ఖాళీగానూ వదలకూడదనీ, తెలియదని రాసి కారణం పక్కనే రాయాలనీ మేడమ్ నాకు నేర్పారు. ఆ షరతును కొట్టేసింది ఎవరని సమాచార హక్కు కింద అడిగాను. వాణిజ్య గోప్యత వల్ల ఫైలు చూపలేమని జవాబు వచ్చింది. నా పుస్తకంలో ఆ ప్రశ్న ఎదురుగా ఇలా రాసుకున్నాను: తెలియదు. కారణం, ప్రజల విశ్వవిద్యాలయం ప్రజలకు చూపించనన్నది.