గాజు తొట్టిలో ఊడ్పు

మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసరుగా నా ఆఖరి పోస్టింగు మచిలీపట్నం. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుందనగా, ఖరీఫ్‌కి కాలవలు వదిలిన వారంలో అక్కడ చేరాను. మా శాఖలో ఈ ఉద్యోగం నిచ్చెనకి మధ్య మెట్టు. పైన అసిస్టెంట్ డైరెక్టరు, కింద ఫీల్డు సిబ్బంది ఉంటారు. చెరువులు తనిఖీ చెయ్యడం, నీళ్ళు పరీక్ష చేసి రైతుకి సలహా చెప్పడం, చేప చచ్చి తేలిందని ఫోనొస్తే పరిగెత్తడం మా పని. బాగున్న చెరువు దగ్గరికి మమ్మల్ని ఎవరూ పిలవరు. డాక్టర్లకైనా అప్పుడప్పుడు నయమైనవాళ్ళు కనపడతారు గానీ మాకు ఆ భాగ్యం తక్కువ.

నా పరిధిలో కృత్తివెన్ను మండలం ఒకటి. అక్కడ కోటేశ్వరరావు గారని చేపల సాగులో చెయ్యి తిరిగిన రైతు ఉండేవారు. నీటి రంగు చూసి, రేపు చేప మేత ముడుతుందో లేదో చెప్పగలరు. ఆయన ఒక ఉదయం సీసాలో నీళ్ళు పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. పరీక్ష చేస్తే అమ్మోనియా హద్దు దాటింది. ఉప్పుంది, సున్నం మరీ ఎక్కువైంది. రంగు తోటకూర ఉడికించిన నీళ్ళలా ఉంది. ఇంత అనుభవమున్న మనిషి చెరువు ఇలా ఎందుకైందా అని ఆశ్చర్యపోయి, ఇది ఏ చెరువుదని అడిగాను.

"ఇంట్లో చెరువండీ" అన్నారు.

సంగతి నెమ్మదిగా బయటపడింది. ఆయన భార్య విమలమ్మ గారికి చలికాలంలో పక్షవాతం వచ్చింది. ప్రాణగండం తప్పింది గానీ ఎడమ చెయ్యి, కాలు పట్టు తప్పాయి. వారం వారం గుడివాడ తీసుకెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తున్నారు. అక్కడ నేర్పిన వ్యాయామం ఇంటికొచ్చాక ఆవిడ చెయ్యడం లేదు. కుర్చీలో కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉంటున్నారు. నీకేం కావాలని ఎంత అడిగినా ఒక్కటే చెప్పారట, తన పుట్టింటి కాలవలో ఉండే నీటి గడ్డి కావాలని. ఆవిడది దివిసీమ. అక్కడ రేవు మెట్ల పక్కన రిబ్బన్ల లాంటి పొడవాటి ఆకులతో, నీటి వాలుకి ఒంగి ఊగుతూ ఉండే గడ్డి అది.

కోటేశ్వరరావు గారు గుడివాడలో రెండడుగుల గాజు తొట్టి కొని, దుకాణంలో దొరికిన మొక్కలు పెట్టారు. అవి కుళ్ళిపోయాయి. మళ్ళీ తెచ్చారు. అవీ పోయాయి. ఆవిడ ఆ తొట్టి చూసి, నా దగ్గర ఏది పెట్టినా ఇంతేలే అన్నారట. ఇప్పుడు దివిసీమలోనే ఉంటున్న తన తమ్ముడి చేత ఆ కాలవ గడ్డినే తెప్పిస్తున్నానని చెప్పారు.

"ఇది కూడా పోతే ఆవిడిక కుర్చీలోంచి లేవదు మేడం. చెరువుకొచ్చినట్టే ఒక్కసారి రండి."

గాజు తొట్టి తనిఖీ చెయ్యమని ఏ జీవోలోనూ లేదు. అయినా ఆ వారం కృత్తివెన్ను క్యాంపులో ఆయన ఇంటికి కూడా వెళ్ళాను.

తొట్టి చూడగానే నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన దాన్ని నూటికి నూరుపాళ్ళు చెరువులాగే తయారు చేశారు. అడుగున రొయ్యల చెరువు మట్టి వేశారు. దాని మీద సున్నం, సూపర్ ఫాస్ఫేటు, తవుడు చల్లారు. ఉప్పు బోరు నీళ్ళు నింపి, నిండా ఎండ పడే చోట పెట్టారు. నీళ్ళు పచ్చబడితేనే గదండీ బలం అని ఆయనే నాకు వివరించారు. చెరువులో ఆ మాట అక్షరాలా నిజం. అలవాటులో పొరపాటంటే ఇదే.

చెరువు నీళ్ళలో పచ్చదనమంటే కంటికి ఆనని సన్నటి నాచు. చేపకి అది మేతకి మూలం, పగలంతా గాలినిచ్చేదీ అదే. గాజు తొట్టిలో మాత్రం మన పంట మొక్క. వెలుగునీ ఎరువునీ నాచు ముందే లాగేసుకుంటే అడుగునున్న మొక్కకి మిగిలేది చీకటే. ఇదంతా చెప్పాను. ఆయన మర్యాదగా తలూపారు, అంతే. ఆ ఊళ్ళో చెరువులన్నీ ఒకప్పటి వరి చేలేనని అప్పుడు గుర్తొచ్చింది. దీన్ని చెరువనుకోవద్దు, వరి మడి అనుకోండి, మీరు మొక్కకి కాకుండా కలుపుకి ఎరువేస్తున్నారు అన్నాను. ఆయన నుదురు కొట్టుకున్నారు. అంతవరకూ గోడ వైపు చూస్తున్న విమలమ్మ గారు మా వైపు తిరిగారు.

ఇక పని సులువైంది. తొట్టి ఖాళీ చేసి కడిగించాను. మట్టికి బదులు కృష్ణా నది ఇసుకని, పైన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి పరిచాం. కాలవలో మంచినీళ్ళు పారుతున్నాయి కాబట్టి డ్రమ్ములో పట్టి, తేరనిచ్చి, గుడ్డతో వడగట్టి పోశాం. తొట్టిని ఎండ పడని గోడ వారకి మార్చి, పైన ట్యూబులైటు బిగించాం. ఆయన తమ్ముడు తడి గోనెలో చుట్టి తెచ్చిన గడ్డిని నత్తగుడ్లు లేకుండా కడిగాం. చేపలు నాలుగే, మేత చిటికెడే అని షరతు పెట్టాను. కోటేశ్వరరావు గారికి అన్నిటికంటే ఆ చిటికెడే కష్టమైంది.

నాటేటప్పుడు ఆయన వేళ్ళతో మొక్కని లోతుగా గుచ్చబోతుంటే విమలమ్మ గారు కుర్చీలోంచే వారించారు. మొవ్వు పూడ్చొద్దు, పైపైన పెట్టండి అన్నారు. కాపరానికి వచ్చిన కొత్తలో ఆ చేలల్లో వరినారు ఊడ్పులు ఊడ్చిన మనిషి ఆవిడ. నేను చెప్పబోయిందీ అదే. వేరు ఇసకలో ఉండాలి, ఆకు పుట్టే మొవ్వు పైకి కనపడాలి. చోటు మారిన మొక్క పాత ఆకులు వదిలేస్తుంది, కంగారు పడొద్దని కూడా బయల్దేరే ముందు చెప్పాను.

చెప్పింది వినడం వేరు, కళ్ళతో చూడడం వేరు. కొన్నాళ్ళకి ఆయన ఫోను చేసి, ఆకులు పసుపెక్కి గాజులా పలచబడి కరిగిపోతున్నాయన్నారు. ఆ గొంతు విని నేను మర్నాడే వెళ్ళాను. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో గుడివాడలో కొన్న ప్లాస్టిక్ మొక్కలు. ఆవిడ చూడకుండా ఇవి మార్చేద్దాం, పచ్చగా కనపడితే చాలదా అని గుమ్మంలోనే నన్ను బతిమాలారు. నేను వద్దంటున్నాను. ఈ గుసగుసలు హాల్లోకి వినపడనే పడ్డాయి.

విమలమ్మ గారు లోపల్నించి ఆ కవరు తెమ్మన్నారు. కుడిచేత్తో ఒక కొమ్మ తీసి చూశారు. మాట ఇంకా కొంచెం ముద్దగానే వస్తోంది.

"ఊడ్చిన మడి ముందు ఎర్రబడుద్ది. తర్వాతే తేరుకుంటది. చేలో ఎప్పుడన్నా పీకేశారా?"

ఆయన లేదన్నారు.

"మరి నన్నూ పీకేసి ప్లాస్టిక్‌దాన్ని తెచ్చుకుంటారా?"

నవ్వుతూనే అన్నారు. ఆయన మాత్రం కండువా మొహానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆఫీసరు హోదా అప్పుడు ఏమీ అడ్డురాలేదు. విమలమ్మ గారు నన్ను దగ్గరికి పిలిచి, తొట్టి దాకా నడిపించమన్నారు. నా భుజం పట్టుకుని నడిచారు. కుళ్ళిన ఆకుల మధ్య మొవ్వు గట్టిగా, లేతాకుపచ్చగా ఉంది. దాన్ని ఇద్దరం చూశాం. పాడైన ఆకుల్ని కత్తిరించే పని తనకి వదిలెయ్యమని ఆవిడ అన్నారు. నేను వచ్చేస్తుంటే కోటేశ్వరరావు గారు ఆ కవరు నా చేతిలో పెట్టి, మీ ఆఫీసులో పెట్టుకోండి మేడం, అక్కడైతే నీళ్ళు పొయ్యకపోయినా ఎవరూ అడగరు అన్నారు. మనిషి తేరుకున్నారని అర్థమైంది.

వానలు వెనకపట్టే రోజుల్లో ఆయన దగ్గర్నుంచి మళ్ళీ ఫోనొచ్చింది. అలవాటు కొద్దీ ఏ చెరువండీ అన్నాను.

"చెరువు కాదండీ. మొక్క పిలకేసింది. ఆవిడే లేచెళ్ళి చూసి నన్ను కేకేసింది."

సర్వీసు మొత్తంలో, బాగుందని చెప్పడానికే నాకొచ్చిన ఫోను అదొక్కటే. ఆ ఫోను చేసినందుకు ఆయనకీ, ఆ ప్లాస్టిక్ కొమ్మని తిప్పి చూసినందుకు ఆవిడకీ నేను ఇవాళ్టికీ కృతజ్ఞురాలిని.

చోటు మారిన మొక్కని పాత ఆకుల్ని బట్టి అంచనా వెయ్యకూడదు, మొవ్వు చూడాలి. మొవ్వు గట్టిగా ఉంటే నీళ్ళు తేటగా ఉంచి, చెయ్యి పెట్టకుండా ఆగాలి. ఆ తర్వాత ఏ చెరువు దగ్గరికి పిలిచినా, పోయినవెన్ని అని అడిగే ముందు ఉన్నవి ఎలా ఉన్నాయని అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ ప్లాస్టిక్ మొక్కలు రిటైరయ్యేదాకా నా బల్ల మీదే ఉన్నాయి. ఒక్క ఆకూ రాల్చలేదు, ఒక్క పిలకా వెయ్యలేదు.