సంఘానికిచ్చిన నంబరు

మలేషియాలో ఇపో అనే ఊళ్లోని ఒక అన్నదాన సంఘంలో స్వచ్ఛంద సేవకుల వివరాల ఫారాలున్న ఇనప బీరువా తాళంచెవి ఎప్పుడూ యోక్ లిన్ మెడలోనే ఉంటుంది. యాభై ఏడేళ్ల మనిషి. ఫారం ముట్టుకునే ముందు చేతులు తుడుచుకుంటుంది. అందరి పుట్టినరోజులూ ఆమెకు తెలుసు, కానీ ఎవరికీ శుభాకాంక్షలు చెప్పదు. వాళ్లు ఆ తేదీ రాసిచ్చింది అందుకు కాదని ఆమె లెక్క. మానేసినవాళ్ల ఫారాలను రెండేళ్లకు ముక్కలు చేసే యంత్రంలో వేయాలన్నది సంఘం నియమం. ఈ రోజు బూన్ టెక్ ఫారం వంతు వచ్చింది. క్వాంతాన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయేదాకా, రోజూ తను తెచ్చుకున్న బన్నులో సగం తుంచి ఆమె బల్లమీద పెట్టిన మనిషి అతను.

"అతని ఫోను నంబరు రాసుకో అక్కా, ఎవరు చూడొచ్చారు?" అంది వంటమనిషి రోహానీ. "పొద్దస్తమానం అతని కబుర్లే చెప్పి మా బుర్ర తినేస్తావు!"

"నంబరు సంఘానికిచ్చాడు, నాకు కాదు."

"అడిగుంటే నీకూ ఇచ్చేవాడు."

"అడగలేదు కదా."

అంకెలు కంటపడకుండా బొటనవేలు అడ్డం పెట్టి, కాగితాన్ని యంత్రంలోకి వదిలింది. తర్వాత, ఏటా చేసేట్టే, తన ఫారం కూడా తీసి సరిచూసుకుంది. ఆపద వస్తే ఎవరికి కబురు చేయాలి అన్నచోట ఈ ఆఫీసు నంబరే ఉంది. ఆ ఫోను ఎత్తేది ఆమే.