లాంగాన్‌లో ఎవరూ లేరు

2005లో మేం దుబాయ్ దగ్గర అజ్మాన్‌లో ఉండేవాళ్లం. శుక్రవారం పొద్దున్నే స్నేహితులందరం ఇసుక మైదానంలో టేపు చుట్టిన టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవాళ్లం. పదకొండేళ్ల మా అమ్మాయి స్వాతిని కూడా నా జట్టులో ఆడించేవాణ్ణి.

ఆ రోజు నా బౌలింగులో బంతి గాల్లోకి లేచింది. "స్వాతీ, క్యాచ్!" అని అరిచి వెనక్కి తిరిగితే, బౌండరీ దగ్గర లాంగాన్‌లో నిలబెట్టిన పిల్ల లేదు. ఆ పక్కనే ట్రక్కులు దూసుకెళ్లే రోడ్డు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆట ఆపేసి అందరం వెతికాం.

చివరికి మా కారు వెనక నీడలో కూర్చుని బొమ్మలేసుకుంటూ కనిపించింది.

"ఆట మధ్యలో ఇదేంటే?" అని కేకలేశాను.

"రెండు ఓవర్లు కాగానే ప్రతి వారం ఇక్కడికే వస్తున్నా నాన్నా. నాకు క్రికెట్ మీద మోజు ఎప్పుడో ఖలాస్. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఏడాదిగా ఇదే తంతట! ప్రతి బంతికీ ఫీల్డింగు సర్దే కెప్టెన్ని నేనే మరి.