నల్లచేవ ఇల్లు

గద్వాలలో మేం కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఈ వారం వంటగది అరలు బిగిస్తున్నారు. ప్లైవుడ్ పలకను మిషన్ కోసిన ప్రతిసారీ లేచే వాసనలో కర్ర వాసన కొంచెమే ఉంటుంది, మిగతాదంతా బంక, వేడెక్కిన ఇనుము, కాలిన కాగితం లాంటిదేదో. పొద్దున మొదలైతే మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేసరికి గొంతులో కూడా అదే తగులుతుంది. ఈ వాసన నాకు ఇష్టమని చెప్పలేను, చెడ్డదనీ అనలేను. అయితే అది ముక్కుకు సోకగానే నేను ఆరో తరగతి అయిపోయిన వేసవికి, ధరూర్ పక్కనున్న మా మేనమామ ఊరికి పోతాను. ఆ వేసవిలో ఆ ఇంట్లో ఎవరూ కర్ర కోయలేదు. కోయడం వచ్చిన మనిషి గోడకు ఆనుకుని ఊరికే కూర్చుని ఉండేవాడు. నేనూ, పక్కింటి రెహానా నరికిన చెట్లన్నీ ఫోన్‌లోనివి.

మా నర్సింలు మామకు అప్పుడు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. వడ్లపని, అంటే వడ్రంగం. దర్వాజలు, తలుపులు, మంచాలు చేసేవాడు. ఆయన పనితనం గురించి మా అవ్వ, అంటే ఆయన తల్లి, "వాడు చిత్రిక వడితే పట్టె మీద చీమ నిలవకపోయేది" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. ఆ వేసవికి ముందు చలికాలంలో ఒక కోత మిషన్ దగ్గర ఆయన కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. దవాఖాన నుంచి వచ్చాక ఉలులు, బాడిస, రంపం, మూలమట్టం అన్నీ ఒక గోనెసంచిలో మూటకట్టి అటక మీద పెట్టించాడట. నేను సెలవులకు వనపర్తి నుంచి వెళ్ళేటప్పటికి ఆయన మాటలు బాగా తగ్గిపోయి ఉన్నాయి. చేతిని తువ్వాల కింద దాచుకుని పొద్దంతా అరుగు మీద, ఎండ ఎక్కాక లోపలి అర్రలో, అంతే. చూడవచ్చినవాళ్ళు చేతిని చూడకుండా ఉండటానికి పడే తంటా నాకు ఆ వయసులోనే తెలిసేది.

ఆ ఊరి వేసవి మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. పత్తి కట్టె పీకేసిన చేలు ఖాళీగా పడి ఉండేవి, గాలి దుమారం లేస్తే వాకిట్లో ఆరేసిన పల్లికాయల మీద ఎర్రమట్టి పొరలా కూర్చునేది. అవ్వ తెల్లవారుజామునే జొన్నరొట్టెలు చేసి గంపలో గుడ్డ కప్పి పెట్టేది. పన్నెండింటికి అవి అప్పడాల్లా పెళపెళమంటుంటే పల్లిపచ్చడి, ఉల్లిగడ్డ, పచ్చిపులుసు పెట్టుకుని తినేవాళ్ళం. కొల్లాపూర్ నుంచి ఎవరో చుట్టం పంపిన మామిడికాయలు వరిగడ్డిలో పెట్టి మాగేసేవాళ్ళు, అవి పండుతున్నకొద్దీ ఆ వాసన ఇంటి మధ్యకు వచ్చేది. అవ్వకు ఒక అలవాటు, ఏ పండును తిన్నా టెంకను కడిగి గోడవారన వరుసగా ఆరబెట్టేది. ఎందుకని అడిగితే, "ఉండనీ, ఏం తింటుందా, ఏం తాగుతుందా" అనేది. బయట అష్టాచెమ్మ గీసినా, కచ్చకాయలు ఆడినా పది గంటల వరకే. ఆ తర్వాత ఎండ మమ్మల్ని లోపలికి తోసేది.

లోపల ఉన్నది మామ ఫోన్. పనికి పిలుపులు అందుకోవడానికి కొన్నది, వేళ్ళు పోయాక ఆయన దాన్ని ముట్టుకోవడం మానేశాడు. ఎవరైనా పనికి పిలిస్తే ఏం చెప్పాలో తెలియక కావచ్చు. రెహానా వాళ్ళన్న గద్వాల బస్టాండు దగ్గర మెమరీ కార్డుల్లోకి పాటలు, ఆటలు ఎక్కించే కొట్టులో ఉండేవాడు. అతని చేత రెహానా ఆ ఫోన్‌లోకి ఒక ఆట ఎక్కించుకొచ్చింది. అందులో నేల, కొండ, నీళ్ళు, చెట్లు, ఆవులు, అన్నీ చదరపు దిమ్మెలతో చేసినవే, అందుకని దాన్ని మేం దిమ్మెల ఆట అనేవాళ్ళం. గెలుపూ ఓటమీ లేవు. చెట్టు కొడితే దుంగ వస్తుంది, దుంగను చీలిస్తే పలకలు, పలకలతో బల్ల, బల్ల మీద చేసుకుంటే గొడ్డలి. ఆ గొడ్డలితో మళ్ళీ చెట్లు. ఎంత దూరం నడిచినా ఆ లోకం అయిపోయేది కాదు. మేం వారం రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఊరికే నడిచాం.

అట్లా నడుస్తూ, మంచు నేలలు దాటి, పడవ చేసుకుని ఒక పెద్ద నీటిని దాటాక, ఒక గుట్ట మీద నల్ల చెట్లు కనిపించాయి. తొమ్మిదే. మొదలు బొగ్గులా ఉండి, కొడితే లోపల ఎర్రటి చారలు. మామూలు చెట్లు అడుగడుక్కీ ఉంటాయి కాని అట్లాంటిది మేం అంతకు ముందు చూడలేదు. రెహానా వాళ్ళన్నను అడిగితే అది ఆ ఆటలో మహా అరుదని, కొందరికి నెలలు తిరిగినా దొరకదని చెప్పాడట. ఆ మాట విన్న పూటే నేను తొమ్మిదింటినీ నరికేశాను. రెహానా "ఒకటుంచుదమే" అంటూనే ఉంది. నేను గొడ్డలి ఆపలేదు.

ఆ సందడికే కాబోలు, అర్రలో పడుకుని ఉన్న మామ లేచి వచ్చి మా వెనక నిలబడ్డాడు.

"ఏందది?"

"నల్ల కట్టె మామా. యాడ దొరకదంట."

ఆయన వంగి చూశాడు. నరికిన దుంగ అడ్డకోతను దగ్గరగా చూపించమన్నాడు. "చేవ గిట్ల నల్లగుంటే జిట్రేగి కట్టెనే అయితది. నల్లమల దిక్కు ఉంటుండె. మా నాయిన ఒక్కపారి చేతికి దొరికిచ్చుకున్నడు" అన్నాడు. తర్వాత గుట్టను చూసి, "అన్ని నరికిండ్రా? ఇత్తనానికి ఒక్కటన్న ఇడవలే?" అన్నాడు.

కొమ్మలు రాలినప్పుడు రెండు మొలకలు దొరికాయని రెహానా చెప్పింది. వాటిని ఆటలో మేం వేసుకున్న గుడిసె పక్కన నాటింది కూడా తనే. ఆ చెట్టుకు మేం నల్లచేవ అని పేరు పెట్టింది ఆ రోజే. చేవ అంటే చెట్టు నడిమి గట్టి కట్టె అని నాకు తెలిసిందీ అప్పుడే.

మర్నాటి నుంచి మామ మధ్యాహ్నం పడుకోవడం మానేశాడు. మా ఇద్దరి మధ్య చాప మీద కూర్చుని, ఫోన్ ముట్టుకోకుండా, మాటతో పని చేయించేవాడు. నల్లచేవ తక్కువుంది కాబట్టి గోడలకు వాడొద్దు, గోడలు రాయితో లేపండి, నల్లచేవ దర్వాజకు, పైకప్పు దూలాలకు పెట్టండి అన్నాడు. ఒక్కో దుంగకు నాలుగు పలకలు వస్తాయి, ఎన్ని పలకలు కావాలో ముందు చూసుకోకుండా చీల్చొద్దు అన్నాడు. మొదట్లో మాకు విసుగ్గానే ఉండేది. ఆడుకోవడానికి వచ్చి బడిలో కూర్చున్నట్టు అనిపించేది. కానీ ఆయన గొంతు వినిపించడమే ఆ ఇంట్లో కొత్త. అవ్వ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ చేయి ఆపి ఇటు చూసేది, మళ్ళీ ఏమీ విననట్టు రుబ్బేది.

ఐదో రోజో ఆరో రోజో, రెహానా రంజాన్ ఉపవాసమని వాళ్ళింట్లో పడుకుని ఉంది, మామ అవ్వను తీసుకుని ధరూర్ వెళ్ళాడు. నేనొక్కదాన్నే ఫోన్ తీశాను. ఇల్లు కట్టబోయే చోటికి దుంగలన్నీ ఒక్కసారే మోసుకుపోయి వాళ్ళు వచ్చేసరికి దర్వాజ నిలబెట్టి చూపించాలని నా ఆశ. దగ్గరి దారి అని ఒక గుహ గుండా పోయాను. అందులో నిప్పు మడుగు ఉంది. కాలు జారింది. ఆ ఆటలో మనిషి చస్తే మళ్ళీ లేస్తాడు కాని, నిప్పులో పడితే వీపున మోస్తున్నవి దక్కవు. తొమ్మిది చెట్ల కట్టె మూడు లెక్కబెట్టేలోపు పోయింది. నేను ఫోన్ ఆపేసి, బియ్యం డబ్బా వెనక పెట్టి, వాకిట్లోకి పోయి కూర్చున్నాను.

ఫోన్ బిగుసుకుపోయిందని, తెరుచుకోవట్లేదని రెండు రోజులు అబద్ధం ఆడాను. రెహానాకు నిజం చెప్పాను. తను నావైపు చూసి, "నర్సింలు చిచ్చాకు నువ్వే చెప్పు, నేనైతే చెప్ప" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మూడో రోజు మామ ఒక పాత క్యాలెండర్ కాగితం తెచ్చి చాప మీద పరిచాడు. దాని వెనక పెన్సిలుతో ఇల్లు గీసి ఉంది. ఎడమచేత్తో గీసింది. గీతలు వణికి, ఒకచోట కాగితం చిరిగింది కూడా, కాని కొలతలన్నీ దిమ్మెల లెక్కలో పక్కన రాసి ఉన్నాయి. వేళ్ళు పోయాక ఆయన పెన్సిలు పట్టడం అదే మొదలని అవ్వ తర్వాత చెప్పింది. అది చూశాక నేను ఏడ్చి, జరిగినదంతా చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "అంత పోయిందా?" అని అడిగాడు.

"అంత పోయింది మామా."

"దగ్గరి తొవ్వ అని వోతివా?"

తలూపాను. ఆయన తువ్వాల తీసి, ఎవరికీ చూపించని ఆ చేతిని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేను గూడ జల్దిగ అయిపోతదని మిషన్ ఆపకుంటనే పట్టె జరిపిన" అన్నాడు. "గంతే. నువ్వు ఏడ్వకు. మొలకలు ఉన్నయి గద, ఎంతయినయో సూడు."

రెహానా నాటిన రెండూ చెట్లయి ఉన్నాయి. మేం ఈసారి ఒకటి నరికి ఒకటి ఉంచాం. దాని కొమ్మల నుంచి మొలక దొరికినప్పుడల్లా నాటాం. మొలక దొరకని రోజు గొడ్డలి తీయలేదు. అట్లా నెల పట్టింది. మధ్యలో రంజాన్ పండుగ వచ్చింది, రెహానా వాళ్ళమ్మ గిన్నెడు షీర్‌ఖుర్మా పంపితే మామ అందులో ఖర్జూరం ముక్కలు నాకు ఏరి పెట్టాడు. మృగశిర వచ్చింది, మొదటి వాన పడ్డ రోజు ఊరంతా చేలల్లోకి పోతే మేం ముగ్గురం ఫోన్‌లో తోట చూసుకుంటూ కూర్చున్నామని అవ్వ తిట్టింది. రాతిగోడలు లేచాయి. నల్లచేవ దర్వాజ నిలబడింది. దాన్ని నిలబెట్టే రోజు మామ నిజం దర్వాజకు చేసినట్టే పసుపు, కుంకుమ తెమ్మన్నాడు. ఫోన్‌కు ఎక్కడ పెడతావని అవ్వ నవ్వి, తెచ్చి మా ముగ్గురి నొసళ్ళకు పెట్టింది. అవ్వ ఫోన్‌లోకి తొంగి చూసింది ఆ ఒక్కసారే. "మంచిగున్నది, గని అండ్ల ఎవరుంటరు?" అంది.

బడులు తెరిచే ముందు నేను బస్సెక్కే రోజున ఊర్లో ఒకాయన వచ్చి కొత్తింటికి దర్వాజలు కావాలని, మనిషి ఎవరన్నా ఉంటే చెప్పమని అడిగాడు. మామను చేయమని అడగలేదు, మర్యాదకు. మామే, "ఇద్దరు పోరగాండ్లను వెట్టుకుంట. గీత నేను గీస్త, కోత వాండ్లు కోస్తరు" అన్నాడు. నాతో మాత్రం, "మీ ఇద్దరితోని చేపియ్యలేదా, గట్లనే" అన్నాడు. అటక మీది సంచి ఆ సాయంత్రమే దిగిందని అవ్వ తర్వాత ఫోన్‌లో చెప్పింది. ఆయన మళ్ళీ ఉలి పట్టలేదు, ఇప్పటికీ పట్టలేడు. కాని ఎడమచేత్తో గీసిన ఆయన గీత తప్పిందని ఎవరూ అనలేదు. మరుసటేడు పెళ్ళి చేసుకున్నాడు. చాలాకాలం మేస్త్రీగా బతికాడు, ఇప్పుడు పని తగ్గింది. దర్వాజలు కూడా ఇనుపవి, సిమెంటువి వస్తున్నాయి. జిట్రేగి కట్టెను నేను ఇంతవరకు కళ్ళతో చూడలేదు.

ఆ ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోతే, పాత ఫోన్లకు ప్లాస్టిక్ టబ్బులిచ్చే బండివాడికి వేసేశారు. తోట, ఇల్లు దానితోనే పోయాయి. ఫొటో తీయాలని మాకు అప్పుడు తోచలేదు. అవ్వ పోయి నాలుగేళ్ళవుతోంది. రెహానా నాగర్‌కర్నూల్‌లో నర్సు. మొన్న ఫోన్లో మాట్లాడుతూ ఆ ఇంటికి కిటికీలు రెండని తను, మూడని నేను పట్టుబట్టాం. తేలక మామను కూడా ఫోన్‌లో కలిపాం.

"నాలుగు" అన్నాడాయన. "మీరు ఎనుక దిక్కు ఎన్నడన్న వొయి సూసిండ్రా? మీరు లేనప్పుడు ఒకటి నేనే వెట్టిన, ఈ ఎడమ చేత్తోని."

మేం ఎప్పుడూ వెనక్కి పోయి చూడలేదు.