హాల్ టికెట్ల మధ్య నా మాత్రలు

సహోదరీ సహోదరులారా, నాలో దయ్యం లేదు. ఆ మాట ఈ సంఘంలో నిలబడి చెప్పడానికే దేవుడు నన్ను బ్రతికించాడని నమ్ముతున్నాను, అందుకే ముందు అదే చెబుతున్నాను.

మాది కలిదిండి దగ్గర చేపల చెరువుల మీద బ్రతికే ఇల్లు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని నన్ను తాడేపల్లిగూడెంలో హాస్టలున్న కాలేజీలో చేర్చారు. అక్కడ తెల్లవారకముందే లేపి కూర్చోబెట్టేవారు, మార్కులు తగ్గితే అందరి ముందూ నిలబెట్టేవారు, అలా ఉండగా ఒకరోజు పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడ్డాయి గాని ఒక్క ముక్క బుర్రకెక్కలేదు, గుండె దడదడలాడింది, తరువాత నిద్ర పోయింది, ఆకలి పోయింది, చివరికి బ్రతకాలన్న ఆశ కూడా పోయింది. నాన్న వచ్చి ఇంటికి తీసుకొచ్చారు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మన స్త్రీల కూడిక వారు ఉపవాసముండి మా ఇంటికి వచ్చారు. ప్రేమతోనే వచ్చారు, కాదనను. కానీ నా తలకు నూనె రాసి, "ఈ బిడ్డను వదిలి పో" అని దయ్యాన్ని గద్దించారు, అది పోకపోయేసరికి నేనేదో పాపం దాచానన్నారు. నేనూ నమ్మాను. "ప్రభువా, నువ్వు కూడా నన్ను వద్దనుకున్నావా?" అని ప్రార్థించాను. అది అమ్మ చెవిన పడింది. మర్నాడే నన్ను బస్సెక్కించి ఏలూరులో మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆవిడ చదువు మాటే ఎత్తలేదు, అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా అని అడిగారు, ఇది జబ్బు, పాపం కాదు, తగ్గుతుంది అని మాత్రలు రాసిచ్చారు.

మాత్రలు మానితేనే విశ్వాసమని కొందరు అన్నప్పుడు నేను భయపడి మానేయబోయాను. ఇంతలో పరీక్షల ముందు ఆదివారం వచ్చింది. ఆ రోజు మన పిల్లలు హాల్ టికెట్లు బల్ల మీద పెట్టి పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించుకుంటారు కదా, నాకు హాల్ టికెట్టు లేదు. అమ్మ లేచి, ముసుగు సర్దుకుని, నా మాత్రలు తీసుకెళ్ళి వాటి మధ్య పెట్టింది.

"అయ్యగారండీ, వీటి మీద కూడా ప్రార్థన చేయండి."

సంఘపెద్ద ఒకరు, "దేవుని బల్ల మీద మాత్రలేంటమ్మా, విశ్వాసం లేదా?" అన్నారు.

అమ్మ గొంతు పెంచలేదు. "మీరు కళ్ళజోడు పెట్టుకునే కదండీ బైబిలు చదువుతున్నారు. మీకు విశ్వాసం లేదని మేమెప్పుడన్నా అన్నామాండీ?"

అయ్యగారు ఆ మాత్రల మీద చెయ్యి ఉంచి, నా పేరు పెట్టి ప్రార్థించారు. దేవుడు నన్ను వద్దనుకోలేదని ఆ రోజు నాకు తెలిసింది. దేవునికే మహిమ!

ఇప్పుడు ఇంటి నుండే దగ్గర్లోని కాలేజీకి వెళ్తున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను, ప్రార్థన చేస్తున్నాను, రెండూ మానను. గోడ వైపు తిరిగి పడుకున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే గద్దించకండి, పక్కన కూర్చోండి, మోకరించండి, లేచి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి, దేవుడు రెండు చోట్లా ఉన్నాడు, ఆయనను నమ్మండి.

వచ్చే నెల నాకు పరీక్షలు. పాసైతే సాక్ష్యం చెప్పమని అయ్యగారు అన్నారు, నేనే ఆగలేదు. ఎందుకంటే ఫెయిలైనా నా సాక్ష్యం ఇదే.