బ్రహ్మస్థానంలో గుడారం

ఎదుటివాడు వద్దన్నాడన్న ఒక్క కారణంతో మీరెప్పుడైనా ఏదైనా కొన్నారా? తొందరపడి లేదనకండి, కాస్త ఆలోచించుకోండి. నేను మాత్రం కొన్నాను. చొక్కానో చెప్పులో అయితే ఎవరికీ తెలియకుండా పోయేది. నేను కొన్నది గుడారం. ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి గాని వాటి మీద రైళ్ళు ఇంకా రాలేదు. వారమంతా పోటీ పరీక్షల కోచింగ్, ఆదివారం పొద్దున మూసారాంబాగ్‌లో ఒక మేడ మీది గదిలో హేతువాదుల చర్చావేదిక. అక్కడి మాస్టారు మాకు మొదటి రోజే ఒక సూత్రం నేర్పారు: ఎవరు చెప్పారని కాదు, ఏం చెప్పారని చూడాలి, నమ్మే ముందు పరీక్షించాలి. ఆ సూత్రాన్ని నేను మా కాలనీలో కూరగాయల బండివాడితో సహా అందరికీ బోధించాను (నేను నేర్చుకోవడం ఒక్కటే మిగిలింది).

ఎల్బీనగర్ వెనక కాలనీలో మేం కిరాయికుండేవాళ్ళం. నాయన సరుకుల డీసీఎం వ్యాను నడుపుతూ వారానికి ఒకసారి ఇంటికొచ్చేవాడు. ఆయన పాత మోటారుసైకిల్ ఇంట్లో ఖాళీగా ఉండేది కాబట్టి అక్క దాన్ని నేర్చుకుంది. అక్క ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. పొద్దున ఆరింటికి పోతే సూదులు, సీసాలు, జనం. రెండేళ్ళలో ఆమె ఒక్క సెలవు కూడా తనకోసం పెట్టుకోలేదు. అలాంటి అక్కకు ఒక కోరిక పుట్టింది. బండి మీద సాగర్ రోడ్డు పట్టుకుని దేవరకొండ దాకా పోయి, తనతో పనిచేసే నర్సు వాళ్ళ చేను గట్టున, చెరువు పక్కన, గుడారం వేసుకుని ఒక్క రోజు ఉండి రావాలని. "గోడలు లేని జాగల ఒక్కపారి పండుకోని లేస్తరా, గంతే" అంది. రెండు రోజుల సెలవు కూడా రాయించుకుంది. వెనక సీటు నాది. గుడారం ఎంచడం కూడా నాది. (బండి నడపడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.)

నేను ఊరుకుంటానా? నోటుపుస్తకంలో గీతలు గీసి, చర్చావేదిక పద్ధతిలో అనుకూల వాదన, ప్రతికూల వాదన రాశాను. పోటీ రెండు రకాల మధ్య. ఒకటి గిన్నె బోర్లించినట్టుండేది: రెండు కడ్డీలు ఒకదాన్నొకటి దాటుతాయి, మేకులు లేకపోయినా ఎక్కడ పెడితే అక్కడ నిలబడుతుంది, లోపల మాత్రం వంగి కూర్చోవాలి. రెండోది ఒంటి గుంజది: మధ్యలో ఒకే ఒక్క గుంజ, చుట్టూ మేకులు, శంకువు లాగా ఎత్తుగా లేస్తుంది. మేకులు గట్టిగా దిగితేనే దానికి ప్రాణం. మన తెలంగాణ నేలలో రెండు అంగుళాలు దిగితే బండ తగులుతుంది కాబట్టి గిన్నెదే గెలిచిందని పన్నెండు కారణాలతో తీర్పు రాసి, అక్కకు చదివి వినిపించాను. అక్క రెండో కారణం దగ్గరే నిద్రపోయింది.

అడ్డం పడింది అమ్మ. "బట్టల ఇల్లేందిరా, కూలితె ఎట్ల? ఓనరు సారు చూసి మంచిగుందంటె పోండ్రి, లేకుంటె లేదు" అని తేల్చేసింది. ఓనరు సారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన. రిటైరయ్యాక మూడిళ్ళు కట్టాడు, అందుకని అమ్మకు ఆయనంటే ఇంజనీరుతో సమానం. నాకు మాత్రం ఆయన వాస్తు అంకుల్. వంటింటి తలుపును రెండుసార్లు పీకించి జరిపించిన మనిషి. తాళంచెవుల గుత్తికి చిన్న దిక్సూచి కట్టుకుని తిరిగేవాడు. నాకూ ఆయనకూ మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా ఒక చర్చ జరిగేది. గెలుపు ఎప్పుడూ నాదే అని నేననుకునేవాణ్ణి, ఆయనా అనుకునేవాడు. అందుకే మా స్నేహం నిలిచింది.

అలా అక్కా, అంకులూ, నేనూ ముగ్గురం దిల్‌సుఖ్‌నగర్‌లో సంచులూ రెయిన్‌కోట్లూ అమ్మే ఒక కొట్టుకు పోయాం. కొట్టాయన రెండు గుడారాలూ విప్పి చూపించాడు. నేను గిన్నెదాని వైపు చెయ్యి చాపబోతున్నాను. సరిగ్గా అప్పుడే అంకుల్ ఒంటి గుంజదాన్ని చూసి కళ్ళు మూసుకున్నంత పని చేశాడు.

"ఏవిటయ్యా ఇది! నట్టనడుమ స్తంభమా? బ్రహ్మస్థానంలో? ఇంటికి మధ్యభాగం ఖాళీగా ఉండాలయ్యా. అక్కడ బరువు పెడితే యజమాని ఉంటాడా? ఆ రెండోది తీసుకో అమ్మాయ్."

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గిన్నెది తీసుకుంటే వాస్తు గెలిచినట్టు. అంతే, ఒంటి గుంజను కావలించుకున్నాను.

"రోడ్డు మీద చూడండి అంకుల్! నగరం నట్టనడుమ అన్ని మెట్రో స్తంభాలు నిలబెట్టారు. హైదరాబాద్ కూలిందా?"

"అందుకే కదయ్యా ఈ ట్రాఫిక్కు!"

కొట్టాయన నవ్వాపుకోలేక లోపలికి పోయాడు. అక్క నా చెవిలో, "అరేయ్, నీ బుక్కుల గిన్నెది రాసినవ్ గదరా" అంది. "సత్యం మారుతుందక్కా" అన్నాను, సత్యం నా జేబులో ఉన్నట్టు. అక్క నన్ను ఒక చూపు చూసింది. ఎంపిక వాడికే వదిలేశాను కదా అనుకుని డబ్బులు తీసిచ్చింది. ఒంటి గుంజదే కొన్నాం. అంకుల్ ఇంటికొచ్చి అమ్మతో, "నా పూచీ లేదు చెల్లెమ్మా" అనేశాడు. అమ్మ, "అయితె పోవద్దు" అంది. అక్క సెలవు కాగితం మడిచి డబ్బాలో పెట్టి వంటింట్లోకి పోయింది. నేను గెలిచిన చర్చ అక్క ప్రయాణాన్ని మింగేసిందని అప్పుడు గాని నా బుర్రకెక్కలేదు.

తప్పు దిద్దుకోవాలని (అంటే ఇంకో చర్చ గెలవాలని) డాబా మీద బహిరంగ పరీక్ష పెడదామన్నాను. ఆదివారం పొద్దున అందరం పైకెక్కాం. అక్కడే మొదటి కష్టం. డాబా అంతా సిమెంటు. మేకు ఎక్కడ దిగుతుంది? పన్నెండు కారణాలు రాసినవాడికి ఈ సంగతి సుత్తి చేతిలోకి తీసుకున్నాక తట్టింది. అక్క కొంగు బిగించి, ఒక తాడు నీళ్ళ ట్యాంకు పైపుకు, ఒకటి డిష్ కమ్మికి, మిగతావి ఇసుక నింపిన రంగు డబ్బాలకు కట్టింది. గుడారం పక్కకు ఒరిగినా లేచింది. నేను లోపలికెళ్ళి గుంజ పట్టుకుని నిలబడ్డాను, వేదిక ఎక్కినట్టు. అంకుల్ కూడా దిక్సూచి పట్టుకుని లోపలికొచ్చాడు. గుంజ దగ్గరికి రాగానే ముల్లు గిరగిరా తిరిగింది.

"చూశావా! దోషం! ఉత్తరమే కనపడ్డం లేదు!"

"గుంజ ఇనుముది అంకుల్! ఇనుము దగ్గర ముల్లు తిరగదా? ఇది ఏడో తరగతి పాఠం..."

ఆ పాఠాన్ని నేను మొదటినుంచీ మొదలుపెట్టాను. విషయం భూమి అయస్కాంతత్వం దాకా వచ్చేసరికి మీర్‌పేట్ వైపు నుంచి ఒక గాలి కొట్టింది. రెండు రంగు డబ్బాలు జారాయి. గుంజ ఒరిగింది. మొత్తం గుడ్డ మా ఇద్దరి మీదా పడింది. చీకటి, ఉక్క, అంకుల్ మోచెయ్యి నా ముక్కు మీద. అయినా ఇద్దరం ఆపలేదు.

"బ్రహ్మస్థానం..."

"గాలి పీడనం..."

బయట అక్క గొంతు వినిపించింది. "మీరిద్దరు జర నోరు మూస్కుంటె జిప్పు యాడుందో చెప్త."

నోరు మూసుకున్నాం. జిప్పు తెరుచుకుంది. వెలుతురులో అక్క ముఖం కనిపించింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అంకుల్ వాస్తు చూసి వద్దన్నడు. నువ్వు గూడ వాస్తు చూసే కొన్నవ్ గదరా. ఇద్దర్ల ఒక్కరన్న నేను యాడ పండుకుంటనో చూసిండ్రా?"

చర్చావేదికలో అంతకు ముందు ఎందరో నన్ను ఖండించారు, అందరికీ జవాబు చెప్పాను. ఈసారి మాత్రం పాక్కుంటూ బయటికొచ్చి, జారిన డబ్బాను మళ్ళీ దాని చోటికి లాగాను. అంకుల్ కూడా బయటికొచ్చి, దిక్సూచితో సహా తాళంచెవులు జేబులో వేసుకున్నాడు.

అప్పటిదాకా ట్యాంకు నీడలో కూర్చున్న అమ్మ లేచి వచ్చింది. "ఒక్కపారి మళ్ల నిలబెట్టుండ్రి" అంది. అక్క గుంజ ఎత్తింది, నేనూ అంకులూ చెరో పక్క డబ్బాల మీద కూర్చున్నాం, బరువుగా. (ఆ పనికి మాత్రం మా ఇద్దరికీ అర్హత ఉంది.) అమ్మ లోపలికి పోయి జిప్పు వేసుకుంది. ఎంతసేపటికీ రాదు. లోపల బట్ట సవరించుకుంటున్న చప్పుడు. చివరికి బయటికొచ్చింది, చీర కుచ్చిళ్ళు కొత్తగా, నీటుగా పెట్టుకుని.

"నిలబడి చీర కట్టుకోవచ్చే దీంట్ల! ఆ గిన్నెదాంట్ల అయితె ఎట్ల కట్టుకుందుము, పండుకోనా? పిల్లగాడు మంచిదే తెచ్చిండు."

నా పన్నెండు కారణాల్లో చీర లేదు. ఆయన శాస్త్రంలోనూ లేదు. అక్క అమ్మ వైపు తేరిపార చూసింది. "నువ్వొస్తవా అమ్మా?" అని మెల్లగా అడిగింది. అమ్మ పెళ్ళయి పట్నం వచ్చినప్పటినుంచీ దవాఖానకో పెళ్ళికో తప్ప ఊరు దాటిన మనిషి కాదు. "బండి మీద నడుము నొయ్యదా?" అంది. అంటే వస్తానని.

సాయంత్రం అంకుల్ కింద షెడ్డులో రంపం పట్టుకుని కూర్చున్నాడు. ఇంటి స్లాబు వేసినప్పుడు మిగిలిన ఇనుప చువ్వలు కోసి, కొన వంచి, ఎనిమిది మేకులు చేసి అక్క చేతిలో పెట్టాడు. "ఈ పల్చటి మేకులు మీ నేలలో వంగిపోతాయమ్మాయ్. చేను గట్టున మట్టి చూసి ఏటవాలుగా దించు. పూచీ నాది" అన్నాడు. దిక్కుల సంగతి ఎత్తలేదు. శనివారం పొద్దున నాయన బండి మీద ముందు అక్క, వెనక అమ్మ, పక్కన గుడారం. నాకు చోటు లేదు. గేటు దగ్గర నేనూ అంకులూ చేతులూపాం. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "డేరా కదుల్తలేదురా. అక్క చెరువుకాడ కూసుంది, పిలిచినా వస్తలేదు. గింత నవ్వుడు నేనెన్నడు చూడలే. అన్నం వండుకున్నవా?"

అన్నం అంకుల్ ఇంట్లో తిన్నాను. తింటూ ఆయన, "గుమ్మం తూర్పుకు పెట్టి ఉంటారులే" అన్నాడు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పప్పు కలుపుకుంటూ మింగేశాను. నా జీవితంలో నేను వదిలేసిన మొదటి చర్చ అది. ఆ ఇరవై నాలుగేళ్ళ వాగుడుకాయ ఇప్పుడు ఎదురైతే తిట్టను. భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చోబెట్టుకుంటాను, అంతే. నేనిప్పటికీ వాస్తు మూఢనమ్మకమే అంటాను, రాస్తాను, సభల్లో గొంతు చించుకుంటాను, అందులో రాజీ లేదు. అయితే ఒకటి: గుడారం గురించి మేం అన్ని రోజులు అరుచుకున్నాం, అమ్మకు ఏం కావాలని ఒక్కరమూ అడగలేదు. ఆమెకూ చెరువు చూడాలనుందని మాకు తెలిసింది జిప్పు వేసుకుని చీర సవరించుకున్నాకే.

కాబట్టి ఇది చదవడం ఇక్కడితో ఆపి లేవండి. మీ ఇంట్లో ఏ ప్రయాణంలోనూ లెక్కకు రాని మనిషి ఒకరుంటారు. ఎదురుగా కూర్చుని, "నీకు ఎక్కడికి పోవాలనుంది?" అని అడగండి. జవాబు వెంటనే రాదు, ఆగండి. సలహా చెప్పకండి, కారణాలు లెక్కపెట్టకండి. వాళ్ళు ఊరి పేరు చెప్పగానే బండి తియ్యండి.