ఆగకుండా చదివిన పాఠం

వెల్దుర్తిలో తొలి బస్సు ఉదయం అయిదున్నరకి. అయిదింటికే నేనూ మా మనవరాలు ఏస్తేరూ వచ్చి స్టాండులో కూర్చున్నాం. ఏస్తేరుకి పదేళ్ళు, అయిదో తరగతి. సంచిలో నిమ్మకాయ పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, ఆధార్ కార్డులు, బడివాళ్ళు ఇచ్చిన చీటీ, తెలుగు పుస్తకం. నరసరావుపేటలో పిల్లల్ని పరీక్షించే క్యాంపు ఉందంటే బయల్దేరాం. మోకాళ్ళ నొప్పితో రాత్రంతా నిద్ర లేదు నాకు.

ఏస్తేరుకి మాట చురుకు. కూడికలు నోటితోనే చెప్తుంది. అక్షరం దగ్గరే వస్తుంది తంటా. నిన్న గుర్తుపట్టిన మాటని ఇవాళ పట్టలేదు. బద్ధకమనుకుని ఎన్నిసార్లు చెయ్యి చేసుకున్నానో ఇక్కడ రాయను. బడిలో మేడమ్ మాత్రం వేరే సంగతి చెప్పింది. క్యాంపులో చూసి కాగితం ఇస్తే పిల్ల అదే తరగతిలో అందరితోపాటు కూర్చోవచ్చు. పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపిస్తారు, నోటితో చెప్పిన జవాబు రాసిపెడతారు, వారానికి రెండు రోజులు ప్రత్యేక టీచరు వస్తుంది. కాగితం రాకపోతే బడి మానిపించి తనతో మిరపకోతకి తీసుకుపోతానని నా కోడలు తెగేసి చెప్పింది. నా కొడుకు పోయాక ఆ ఇల్లు ఆమె కూలి మీదే నడుస్తోంది. ఆమెని ఏమనగలను?

మాచర్లలో దిగేసరికి ఆరుంబావు. నాలుగు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి.

"పేట బస్సు ఏదో బోర్డు చూసి చెప్పవే. కళ్ళు లేవా?" అన్నాను, మోకాళ్ళు నిమురుకుంటూ. నరసరావుపేటని మేమంతా పేట అనే అంటాం.

ఏస్తేరు జనం ఎక్కువున్న బస్సు చూపించింది. ఎక్కి కూర్చున్నాక కండక్టర్ నవ్వాడు. "ఇది సాగర్ పోద్ది అవ్వా. పేటది అదిగో, కదులుతా ఉంది, పరిగెత్తు!"

పరిగెత్తే వయసా నాది? చెయ్యి ఊపుకుంటూ వెళితే డ్రైవర్ దయతలచి ఆపాడు. ఆధార్ చూపిస్తే ఇద్దరికీ సున్నా టికెట్టు. సీటు మాత్రం గురజాల దాకా దొరకలేదు.

కూర్చోగానే పుస్తకం తీయించాను. పదిహేను రోజులుగా మొదటి పాఠం నేర్పుతున్నాను. మా చర్చిలో ఆదివారం బడి పిల్లలు బైబిల్ వాక్యాలు కంఠత చెప్తారు. బహుమతి ప్రతి ఏడూ ఏస్తేరుదే. నేను ఒక్కో మాట అంటుంటే తిరిగి అంటుంది, రెండు రోజుల్లో వచ్చేస్తుంది. పాఠమూ అలాగే నేర్పాను, మాట మాటకీ వేలు జరపడంతో సహా. నేను చదివింది మూడో తరగతి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

"ఎక్కడా ఆగొద్దు. ఆగితే రాదనుకుంటారు, కాగితం ఇవ్వరు" అన్నాను.

"ఆగను నాయనమ్మా" అంది.

పిడుగురాళ్ళలో సున్నం లారీల వెనక అరగంట ఆగిపోయాం. అక్కడ మస్తాన్‌బీ అనే ఆమె కూతురితో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆమె భర్త మెకానిక్. కూతురికి వినపడదు, చెవి మిషన్ కోసం అదే క్యాంపుకి వస్తున్నారు. ఏస్తేరు పాఠం చెప్తుంటే విని, "చానా బాగా చదువుతుందే మీ పిల్ల!" అంది. నాకు గర్వమేసింది.

పేటలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఆటోవాడు అడిగిన డబ్బుకి మస్తాన్‌బీ సరేనంది కానీ నేను ఒప్పుకోలేదు. ఇరవై నిమిషాల నడక. వెళ్ళేవాళ్ళు ఆటో ఎక్కండి. అక్కడ నిలబడే ఓపిక మిగలాలి.

క్యాంపు పెట్టిన బడి ఆవరణలో షామియానా, దాని కింద వరస. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. మొదటి బల్ల దగ్గర కళ్ళద్దాల అమ్మాయి కూర్చుని ఉంది. "నీ పుస్తకంలో నీకిష్టమైన పాఠం చదువు తల్లీ" అంది. ఏస్తేరు మొదటి పాఠం తెరిచి వేలు పెట్టి గడగడా చెప్పేసింది. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసి, "బాగా చదువుతోంది, ఇంక మీరు వెళ్ళొచ్చు" అంది.

దండం పెట్టి బయటికొచ్చి మెట్ల మీద డబ్బా తెరిచాను. మస్తాన్‌బీ వచ్చి అడిగింది.

"కాగితం ఇచ్చారా అక్కా?"

"బాగా చదివిందన్నారు."

"బాగా చదివితే కాగితం ఎందుకిస్తారు? మా పిల్లకి వినపడుద్దంటే మిషన్ ఇస్తారా ఏంది?"

చేతిలో ముద్ద తిరిగి డబ్బాలో పెట్టాను. ఏస్తేరు నా ముఖం చూసింది. "నేను ఆగలా కదా నాయనమ్మా?" అంది.

డబ్బా మూసేసి మళ్ళీ లోపలికి వెళ్ళాను. "పిల్లకి చదవడం రాదమ్మా. నేనే కంఠత పెట్టించా" అన్నాను.

ఆ అమ్మాయి విసుగ్గా చూసింది. "పింఛన్ వస్తుందని ఎవరైనా చెప్పారా పెద్దమ్మా? రోజూ ఇలాంటివి చూస్తున్నాం."

"పింఛనెవరికి కావాలి? దాన్ని బడిలో ఉండనియ్యండి, చాలు."

ఆమె కాగితాల్లోకి తల దించుకుంది. వెనక వరస గొణుగుతోంది. నేను పుస్తకం తెరిచి ఏస్తేరు ముందు పెట్టి, "చదువు" అన్నాను. అది మొదలుపెట్టింది. రెండు వాక్యాలయ్యాక నేను చెయ్యి చాపి పేజీలు తిప్పేశాను. వేరే పాఠం వచ్చింది. ఏస్తేరు ఒక్క క్షణం నా వైపు చూసి, ఆగొద్దన్నాను కదా, ఆగలేదు. ఆ పాఠం మీద వేలు జరుపుతూ మొదటి పాఠమే చివరిదాకా చెప్పింది. చెవులు ఎర్రబడ్డాయి దానికి. వరసలో వాళ్ళు తొంగి చూస్తున్నారు. నలుగురిలో పిల్లని అలా నిలబెట్టినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

కళ్ళద్దాల అమ్మాయి మెల్లగా పుస్తకం మూసి, పాత కాగితం చింపి, మమ్మల్ని లోపలి గదిలోకి పంపింది. అక్కడ ఒక పెద్దావిడ ఏస్తేరు చేత బొమ్మలు పేర్పించింది, కథ చెప్పి ప్రశ్నలు అడిగింది, విడి అక్షరాలు చూపించింది. రెండు గంటలు పట్టింది. ఆఖరికి సంతకం పెట్టిన కాగితం నా చేతికిచ్చి, "ఇది బద్ధకం కాదమ్మా, కొట్టొద్దు. చదివి వినిపించండి, మిగతాది తనే పట్టుకుంటుంది" అంది. కొడతానని నేను ఆమెకి చెప్పలేదు.

నాలుగింటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారంతా మిరప కళ్ళాల ఘాటు. ఏస్తేరు చల్లారిన పులిహోర తిని, "ఇంక కంఠత పెట్టనక్కర్లేదా?" అంది.

"ఆదివారం వాక్యం తప్పదు. పాఠాలు అక్కర్లేదు."

"పేజీ ఎందుకు తిప్పావు?"

"నేను నేర్పింది తప్పని చూపించడానికి" అన్నాను. ఏస్తేరు నా భుజం మీద తల పెట్టుకుంది. అటువైపు చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు.

ఏడింటికి మాచర్లలో దిగాం. ఈసారి అయిదు బస్సులు ఉన్నాయి. నా కాళ్ళు ఇక నావి కావు. ఏస్తేరు బోర్డుల వైపు చూసి, ఉదయం తిట్లు గుర్తొచ్చాయేమో, తల దించుకుని నా కొంగు పట్టుకుంది. కాగితం ఉన్న సంచి చంకలో పెట్టుకుని మొదటి బస్సు దగ్గర నిలబడ్డాను. వేలు చూపిస్తూ పైకే చదివాను, "గుంటూరు." రెండోది, "సాగర్." మూడోదాని దగ్గర, "వెల్దుర్తి" అన్నాను.

"వెల్దుర్తి" అంది ఏస్తేరు. నాకంటే ముందెక్కి, నాకు చెయ్యి అందించింది.